డర్ట్ బైక్ చక్రంలో పట్టేసిన స్పోకులను ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, తొందరపడకపోతే. స్టీలు స్పోకు, అల్యూమినియం నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) కలిసేచోట బురదనీళ్లు చేరి తెల్లటి పొడిలా తుప్పు కడుతుంది, దాంతో మరలు పట్టేస్తాయి.

టైరు, ట్యూబు, రిమ్ టేపు (ట్యూబుకు స్పోకు మొనలు గుచ్చుకోకుండా రిమ్ముపై చుట్టే పట్టీ) తీసేయండి. నిపుల్‌కు రెండు వైపులా డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున సరైన సైజు స్పోక్ రెంచ్‌తో ముందు కాస్త బిగించి, తర్వాత వదులు చేసి చూడండి. నిపుల్ అంచులు అరిగి రెంచ్ జారుతుంటే ఇక పంతం వద్దు, స్పోకును కోసేయడమే. టెన్షన్‌లో ఉన్న స్పోకు తెగగానే ఎగిరి ముఖానికి తగలొచ్చు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

ఒకటి తీసి, అక్కడ కొత్తది వేశాకే రెండోదాని జోలికి వెళ్లండి. అన్నీ ఒకేసారి తీస్తే చక్రాన్ని మొదటి నుంచి అల్లుకోవాలి. చక్రం మధ్యలోని హబ్‌కు లోపలి, బయటి స్పోకుల వంపు వేరుగా ఉండొచ్చు, పాతదాన్ని పక్కన పెట్టి పోల్చుకోండి. కొత్త మరలకు యాంటీ-సీజ్ (మరలు మళ్లీ పట్టేయకుండా రాసే గ్రీజు లాంటిది) పూయండి.

పావు చుట్టు చొప్పునే బిగించండి. ఫోర్క్‌కు జిప్ టై (ప్లాస్టిక్ కట్టు పట్టీ) కట్టి, దాని కొస రిమ్ముకు తగిలీ తగలనట్టు ఉంచి చక్రం తిప్పితే బెండు ఎక్కడుందో తెలిసిపోతుంది. నిపుల్ దాటి పొడుచుకొచ్చిన స్పోకు మొనను ఆకురాయితో అరగదీయండి, లేదంటే ట్యూబు పంక్చరే.