పెట్టె జాగ్రత్త

అమ్మలూ,

మొదటి బోనస్ డబ్బుతో జపాన్ కుమ్మరి హమదా షోజి చేసిన పూలజాడీ కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవకాయ జాడీ పగలగొట్టి నా వెనక దాక్కున్న పిల్లవేనా అనిపించింది. కాసేపటికి టెన్షన్ మొదలైంది. టోక్యోలో నీ ఫ్లాట్ ఏడో అంతస్తు కదా! 2011 భూకంపానికి మషికోలో ఆయన బట్టీయే దెబ్బతింది, నీ అల్మరా ఎంత? కింది అరలోనే పెట్టు. మెడకు నైలాన్ దారం కట్టి గోడకు బిగించు. నవ్వకు.

పగుళ్లు, అతుకులు వెలుతురులో చూసుకో. ధర ఇద్దరు ముగ్గురిని అడుగు. ఒక ఆదివారం మషికో వెళ్లిరా. 1924లో అక్కడ స్థిరపడి, 1978లో పోయేదాకా ఆయన పనిచేసిన ఊరు. ఆయన ఉన్న చోటే ఇప్పుడు మ్యూజియం. ఇవన్నీ నీకు తెలిసినవే.

పెట్టె సంగతి మాత్రం నీకెవరూ చెప్పి ఉండరు.

మా ఇంట్లో తుప్పు ఎరుపు రంగు పలకల జాడీ గుర్తుందిగా? ఆ పూతను కాకి అంటారు. మన కాకి కాదు, అక్కడి పండు. దాన్ని పసుపు అద్దిన బట్టలో చుట్టి, తేలికపాటి చెక్క పెట్టెలో పెట్టి ఇచ్చారు. పసుపు పురుగు పట్టనివ్వదట. మీ అత్తయ్య ఆ బట్ట చూసి మురిసిపోయింది. ఇల్లు మారేటప్పుడు, బూజు వాసన వేస్తోందని పెట్టెను చెత్త బండి వచ్చే రోజు కింద పెట్టేశాను. మూత మీద నల్ల సిరాతో ఏదో రాసి, ఎర్ర ముద్ర వేసి ఉంది. కొట్టు అడ్రస్ అనుకున్నాను, బుద్ధి లేక.

ఆరేళ్ల తర్వాత డబ్బు అవసరపడి జాడీని ఒక షాపుకు తీసుకెళ్లాను. పెద్దాయన దాన్ని తలకిందులు చేసి, పూత లేని అడుగును బొటనవేలితో మెల్లగా తడిమాడు. అడిగింది ఒక్కటే: "పెట్టె?"

మషికోలో స్థిరపడ్డాక హమదా తన కుండల మీద సంతకం పెట్టలేదు, ముద్ర వేయలేదు. ఆయన చేతిరాత దొరికేది పెట్టె మీదే. పెద్దాయన మర్యాదగా వంగి జాడీని నా చేతికిచ్చేశాడు. రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, అప్పటిదాకా లేని అనుమానం నాకూ పట్టుకుంది. ఇప్పటికీ ఒకరోజు హమదాదే అనిపిస్తుంది, ఇంకోరోజు కాదనిపిస్తుంది.

పసుపు బట్ట మాత్రం మీ అత్తయ్య దాచింది. నీ జాడీకి లేకపోతే పంపిస్తాను.

ముందు పెట్టె మూత ఫోటో పంపు. జాడీ ఫోటో తర్వాత.

మావయ్య