పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ తాజా ఇన్‌స్టాలర్లే

ప్రశ్న: లంక గ్రామాల్లో కంప్యూటర్లు బాగుచేస్తుంటానండీ. చాలాచోట్ల నెట్ అందదు. పెన్‌డ్రైవ్‌లోని ఇన్‌స్టాలర్లు నెల తిరిగేసరికి పాతబడుతున్నాయి. వాటంతటవే కొత్తవి వచ్చే దారి ఉందా? – ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఉందండీ. విండోస్ 11లో వింగెట్ (ప్రోగ్రాములను కమాండ్లతో దించి ఎక్కించే మైక్రోసాఫ్ట్ సాధనం) ముందే ఉంటుంది. దాని 'డౌన్‌లోడ్' కమాండ్ ప్రోగ్రామ్‌ని ఎక్కించకుండా, తాజా ఇన్‌స్టాలర్‌ని మీరు చెప్పిన ఫోల్డర్‌లోకి దించుతుంది. హ్యాష్ (ఫైలు మారకుండా సరిగ్గా దిగిందో లేదో తేల్చే గుర్తు) కూడా అదే సరిచూస్తుంది. వీఎల్‌సీ, ఫైర్‌ఫాక్స్, సెవెన్‌జిప్... ఒక్కోదానికి ఒక్కో లైను రాసి బ్యాచ్ ఫైలు (కమాండ్లను వరసగా నడిపే ఫైలు) చేసుకోండి. టాస్క్ షెడ్యూలర్‌లో వారానికోసారి నడిచేలా పెట్టండి. పి.గన్నవరంలో నా సిస్టమ్‌లో జరిగేది ఇదే. ఫైలు పేరులో వెర్షన్ నంబరు ఉంటుంది కాబట్టి పాతవి పేరుకుపోతాయి, తీసేస్తుండాలి.

ఒక్కటి మాత్రం మరవకండి. కొన్ని ఇన్‌స్టాలర్లు అసలు ఫైళ్లను నెట్ నుంచే తెచ్చుకుంటాయి. పడవ దాటి వెళ్లాక అది బయటపడితే మీకూ, ఎదురుచూసిన వాళ్లకూ బాధే. బయల్దేరేముందే వైఫై ఆపి ఎక్కించి చూడండి.