రెండు ఆటలు ఆడినవారి గురించి రాయబోయే చిరంజీవికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండింటినీ వృత్తిగా ఆడిన అమెరికా క్రీడాకారుల మీద తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. మన క్రీడా పేజీల్లో ఇలాంటి జీవితాలకు చోటు దొరకడం అరుదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. బాగుంది అని ఒక్క మాట రాసి ఊరుకుంటే నీకు నేను చేసిన మేలు ఏమీ ఉండదు.

వ్యాసంలో డజనుకు పైగా పేర్లున్నాయి. ప్రతి పేరుకూ ఒక పేరా. ప్రతి పేరాలో పుట్టిన సంవత్సరం, ఎత్తు, ఆడిన జట్లు, గెలిచిన కప్పులు. నాకు తెలిసినంతలో తప్పులు లేవు, కష్టపడి సేకరించావు. అయినా ఐదో పేరా చదువుతుండగా రెండో పేరాలో ఎవరి గురించి చదివానో గుర్తుకు రాలేదు. ఈ మనుషులు రెండు ఆటలు ఆడారన్నది పత్రికలో ఒక చిన్న వార్తకు సరిపోతుంది. వ్యాసం కావాలంటే వాళ్లు దేన్ని వదులుకున్నారు, ఎప్పుడు వదులుకున్నారు, ఎవరు వదిలించారు అన్నది వెతకాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతా ఉత్తరమంతా దీనికి వివరణ అనుకో.

ముందు మైకేల్ జోర్డాన్ సంగతి. ఆయన పేరుతో మొదలుపెడితే పాఠకుడు ఆగి చదువుతాడని నీ ఆశ. నిజమే, ఆగుతాడు. కానీ ఆయన నీ వరుసలోకి పూర్తిగా రాడు. 1993లో తండ్రి హత్యకు గురయ్యాక బాస్కెట్‌బాల్ విడిచిపెట్టి, మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్ బారన్స్ జట్టులో బేస్‌బాల్ ఆడాడు. బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద ఉండే స్థాయి అది. బ్యాటింగ్ సగటు 0.202. అంటే, సుమారుగా, ఐదుసార్లు బ్యాట్ పడితే నాలుగుసార్లు ఉత్త చేతులతో వెనక్కి వచ్చాడు. 1995 మార్చిలో మళ్లీ బాస్కెట్‌బాల్ కోర్టుకు చేరాడు. ముప్పై దాటిన వయసులో, అంత కీర్తి ఉండి, చిన్న ఊళ్ల మైదానాల్లో ఓడిపోవడానికి సిద్ధపడిన ఆ మనిషి పట్ల నాకు గౌరవం ఉంది. నీ వ్యాసంలో ఆయనకు ఒక్క వాక్యం చాలు. జోర్డాన్‌కే అందని గడపను నువ్వు రాస్తున్న ఈ డజను మంది దాటారని చెప్పి ముందుకు సాగిపో.

ఆ గడపను ఎలా దాటారో నీ జాబితాలోనే ఉంది, నువ్వు గమనించలేదు. అందులో సగం మంది పిచర్లు, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లు. జీన్ కాన్లీ, డేవ్ డీబషర్, స్టీవ్ హామిల్టన్, రాన్ రీడ్, మార్క్ హెండ్రిక్సన్, అందరూ ఆరున్నర అడుగులకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. బాస్కెట్‌బాల్‌లో బుట్ట కింద పనికొచ్చే ఎత్తే, బంతిని పైనుంచి కిందికి విసిరే పిచర్‌కూ పనికొస్తుంది. పైగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ వరుసగా రోజూ విసరడు. బ్యాటర్ సంగతి వేరు. రెప్పపాటులో దూసుకొచ్చే బంతిని కళ్లూ చేతులూ కలిసి అందుకోవాలంటే ఏడాది పొడుగునా సాధన తప్పదు. బాస్కెట్‌బాల్‌లో అంత పేరు తెచ్చుకున్న డానీ ఏంజ్, టొరంటో బ్లూ జేస్ తరఫున మూడేళ్లలో 211 మ్యాచులు ఆడి సంపాదించిన బ్యాటింగ్ సగటు 0.220. ఈ ఒక్క వివరణ చదివితే పాఠకుడు తరువాత వచ్చే ప్రతి పేరునూ వేరే కళ్లతో చూస్తాడు. నీ ఎత్తుల పట్టిక అంతా కలిసి ఆ పని చేయలేకపోయింది.

ఇక జీన్ కాన్లీ. బేస్‌బాల్‌లో వరల్డ్ సిరీస్, బాస్కెట్‌బాల్‌లో ఎన్‌బీఏ లీగ్ టైటిల్ రెండూ గెలిచిన ఒకే ఒక్కడు అని రాసి వదిలేశావు. 1957లో మిల్వాకీ బ్రేవ్స్‌తో వరల్డ్ సిరీస్, 1959, 1960, 1961లలో బోస్టన్ సెల్టిక్స్‌తో మూడు టైటిళ్లు. సరే. దానికి బదులు ఆయన క్యాలెండర్ తీసి పాఠకుడి ముందు పరిచి చూడు. 1958 వేసవిలో పిచర్‌గా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఆరు ఓడిపోయాడు. అంతకు ముందు ఐదేళ్లు బాస్కెట్‌బాల్ జోలికి పోనివాడు ఆ శీతాకాలంలో సెల్టిక్స్‌కు తిరిగి వచ్చి బిల్ రసెల్‌కు బదులు ఆటగాడిగా దిగాడు. 1959 ఏప్రిల్‌లో టైటిల్ గెలిచీ గెలవగానే ఫిలడెల్ఫియా ఫిలీస్‌లో బేస్‌బాల్. చలికాలం రాగానే మళ్లీ సెల్టిక్స్. ఎండాకాలంలో మళ్లీ ఫిలీస్. తరువాతి శీతాకాలం మూడో టైటిల్, ఆ వేసవిలో బోస్టన్ రెడ్ సాక్స్. 1961 చలికాలంలో కొత్తగా పుట్టిన మరో బాస్కెట్‌బాల్ లీగ్. 1962 వేసవిలో మళ్లీ రెడ్ సాక్స్. నాలుగేళ్లలో ఆ ఒంటికి సెలవు అన్న మాట లేదు.

ఈ వరుస చదివిన తరువాతే 1962 జులై సంగతి రాయాలి. న్యూయార్క్‌లో యాంకీస్ చేతిలో చిత్తుగా ఓడిన రోజు, జట్టు బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. కాన్లీ, ఆయనతోపాటు తోటి ఆటగాడు పంప్సీ గ్రీన్, బస్సు దిగి నడిచి వెళ్లిపోయారు. గ్రీన్ త్వరలోనే తిరిగి వచ్చాడు. కాన్లీ మాత్రం ఇజ్రాయెల్ వెళ్లడానికి విమానాశ్రయానికి చేరాడు. పాస్‌పోర్టు లేనందువల్ల ఆగిపోయాడు. నీ వ్యాసంలో ఇది ఒక తమాషాగా వచ్చింది. చదివినవాళ్లు నవ్వుతారు కూడా. ఆ పనికి కారణం ఇదీ అని నువ్వు తేల్చనక్కరలేదు, తేల్చే హక్కు మనకు లేదు. కాని ఆ నాలుగేళ్ల క్యాలెండర్‌ను దాని పక్కన పెట్టు. అదే ఏడాది ఆయన పదిహేను మ్యాచులు గెలిచాడన్నదీ చెప్పు. అప్పుడు పాఠకుడికి నవ్వు రాదు, ఆ బస్సులోని అలసట తెలుస్తుంది.

కాన్లీ గురించి మరొక్కటి. మేజర్ లీగ్‌లోని రెండు విభాగాలు, నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్, తమ మేటి ఆటగాళ్లతో తలపడే ఆల్‌స్టార్ మ్యాచ్ 1955లో మిల్వాకీలోనే జరిగింది, ఆయన సొంత ప్రేక్షకుల ముందు. నేషనల్ లీగ్ జట్టు 5-0తో వెనకబడి, చివరికి సమం చేసి, ఆట పన్నెండో ఇన్నింగ్స్ దాకా లాగింది. అప్పుడు బంతి అందుకున్న కాన్లీ ముగ్గురు మేటి బ్యాటర్లను బంతి కొట్టనివ్వకుండా వరుసగా స్ట్రైకవుట్ చేశాడు. వెంటనే స్టాన్ మ్యూజియల్ హోమ్ రన్ కొట్టి మ్యాచ్ ముగించాడు. మర్నాటి పతాక శీర్షిక మ్యూజియల్‌ది, గెలుపు ఖాతా కాన్లీది. రాన్ రీడ్ కథలోనూ ఇలాంటి రాత్రి ఉంది. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటిన మ్యాచ్‌లో గెలిచిన పిచర్ రీడే. అంతకు ముందు రెండు సీజన్లు డెట్రాయిట్ పిస్టన్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. అందరూ చూస్తున్న చోటికి ఒక్క అడుగు పక్కన ఎవరు నిలబడ్డారో చూడటం నీకు అలవాటు కావాలి.

వ్యాసానికి గుండెకాయ మాత్రం డిక్ గ్రోట్ అని నా నమ్మకం. నువ్వు ఆయనకు నాలుగు వాక్యాలే ఇచ్చావు. నేనైతే సగం వ్యాసం ఇస్తాను. పెన్సిల్వేనియా కుర్రాడు, డ్యూక్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్‌కు దేశమంతా పేరు. ఆయన పదో నంబరు జెర్సీని 1952లో డ్యూక్ మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. అదే వేసవిలో కింది స్థాయి లీగుల ముఖం చూడకుండా తిన్నగా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లో షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్‌గా, దిగాడు. ఆ ఏడాది పైరేట్స్ 112 మ్యాచులు ఓడిపోయింది. అంత చెత్త జట్టులోనూ ఆయన సగటు 0.284. శీతాకాలంలో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ తరఫున ఎన్‌బీఏ. డ్యూక్‌లో చదువు పూర్తిచేసుకుంటూనే మ్యాచులకు వెళ్లి వచ్చేవాడు. ఇరవై ఆరు మ్యాచుల్లో సగటున దాదాపు పన్నెండు పాయింట్లు చేశాడు. తరువాత రెండేళ్లు సైన్యం. తిరిగి వచ్చేసరికి పైరేట్స్ జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ తేల్చి చెప్పాడు, ఇక ఒక్క ఆటే అని.

గ్రోట్ బేస్‌బాల్‌ను ఎంచుకున్నాడు. 1960లో నేషనల్ లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటు, 0.325, ఆయనదే. ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడూ ఆయనే. ఆ సీజన్ చివర బంతి తగిలి మణికట్టు విరిగినా కోలుకుని వరల్డ్ సిరీస్ ఆడాడు, పైరేట్స్ యాంకీస్‌ను ఓడించింది. 1964లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో మరో వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఎవరైనా ఇంతకంటే ఏం కోరుకుంటారు? అయినా తన మొదటి ప్రేమ బాస్కెట్‌బాలేనని ఆయన చివరిదాకా చెబుతూనే వచ్చాడు. ఆట మానుకున్నాక పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ మ్యాచులకు రేడియో వ్యాఖ్యాతగా చేరి నలభై ఏళ్లు కూర్చున్నాడు. 2023లో కన్నుమూశాడు. ఇరవై ఆరు మ్యాచులతో ముగిసిన ఆట దగ్గరికి నలభై ఏళ్లు వెళ్లి కూర్చున్న మనిషి ఆయన! నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మీద నుంచి మనసు మళ్లలేదు. ఇది నీ చేతిలో ఉండగా కప్పుల లెక్కతో సరిపెడతావా?

ఏంజ్ కథలో వదులుకోవడం కోర్టుకెక్కింది. బేస్‌బాల్ మానేసి సెల్టిక్స్‌కు వెళ్తానంటే బ్లూ జేస్ ఒప్పుకోలేదు. 1981లో జ్యూరీ ఒప్పందం చెల్లుతుందని చెప్పింది, చివరికి సెల్టిక్స్ డబ్బు కట్టి విడిపించుకుంది. డీబషర్‌ను ఆయన ఊరి జట్టు డెట్రాయిట్ పిస్టన్స్ 1964లో, ఇరవై నాలుగేళ్లకే, ఆటగాడితోపాటు కోచ్‌గా కూడా చేసింది. ఎన్‌బీఏలో అంత చిన్న వయసు కోచ్ ఇంకొకరు లేరు. బేస్‌బాల్‌లో చికాగో వైట్ సాక్స్ తరఫున ఆడిన రెండో ఏడే ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వని చెయ్యి అది. ఇద్దరివీ ఒక్కో పేరాతో సరిపోతాయి. చక్ కానర్స్ 1946లో బుట్ట వెనక ఉండే అద్దపు బ్యాక్‌బోర్డు పగలగొట్టిన సంగతి, తరువాత నటుడైన సంగతి అందరూ రాసినవే, కావాలంటే రెండు వాక్యాలు.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. నువ్వు వాడిన జాబితా ఎవరు గీసిన గీత? ఎన్‌బీఏ పుట్టిందే 1946లో. అందులోకి నల్లజాతి ఆటగాళ్లు వచ్చింది 1950లో. ఇరవయ్యో శతాబ్దపు మేజర్ లీగ్‌లో వాళ్లకు తలుపు తెరిచింది 1947లో జాకీ రాబిన్సన్. మరి అంతకు ముందు రెండు ఆటలూ వృత్తిగా ఆడిన నల్లజాతి వాళ్లు లేరా? క్లారెన్స్ ఫ్యాట్స్ జెంకిన్స్ పేరు నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. వేసవిలో నల్లజాతి వాళ్లకు వేరుగా నడిచిన నీగ్రో లీగుల్లో బేస్‌బాల్ అవుట్‌ఫీల్డర్, చలికాలంలో న్యూయార్క్ రినైసాన్స్ బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్. హార్లెమ్‌లోని ఒక నాట్యశాల ఆ జట్టుకు సొంత కోర్టు. జనం నాట్యం చేసే నేల మీదే ఆట జరిగేది, ఆట అయ్యాక అక్కడే మళ్లీ సంగీతం. బయట ఊళ్లకు బస్సులో వెళ్తే బస ఇచ్చే హోటళ్లు దొరికేవి కావు. 1932-33 సీజన్‌లో ఆ జట్టు వరుసగా 88 మ్యాచులు గెలిచింది. అదే జట్టులోని బిల్ యాన్సీ కూడా రెండు ఆటలవాడే. 1920 నుంచి 1948 దాకా నడిచిన నీగ్రో లీగులను 2020 డిసెంబరులో మేజర్ లీగులుగా గుర్తించారు. జెంకిన్స్‌కు బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2021లో. అప్పటికి ఆయన పోయి దశాబ్దాలైంది. వీళ్లను చివర్లో ‘ఇతరులు’ అని కలిపితే సరిపోదు. వ్యాసం మొదటి పేజీలోనే ఉండాలి.

భాష విషయంలో ఒక్క మాట. బేస్‌బాల్‌లో ఏది జరిగినా క్రికెట్‌లో దేనికో ముడిపెట్టి చెప్పావు. ఒకసారి చెబితే పాఠకుడికి ఊతం, పదే పదే చెబితే వాడి కళ్లకు గంతలు. మణికట్టు మీద బంతి తగిలితే ఎముక ఎలా విరుగుతుందో తెలుగువాడికి క్రికెట్ సాయం లేకుండానే తెలుసు.

హెండ్రిక్సన్‌తో ముగించావు, అది సరైన ఎంపిక. నాలుగు ఎన్‌బీఏ జట్లు తిరిగి 2002లో టొరంటో తరఫున మేజర్ లీగ్‌లోకి వచ్చిన ఆయనే ఈ వరుసలో ఆఖరివాడు. ఆ తరువాత ఎందుకు ఎవరూ రాలేదో అక్కడ రాయి. జీతాలు పెరిగాయి, ఏడాది పొడుగునా సాధన మామూలైంది, రెండో ఆటలో దెబ్బ తగిలించుకుంటే మొదటి జట్టు ఊరుకోదు.

రెండో ప్రతికి నెల రోజులు తీసుకో. ముందు గ్రోట్, జెంకిన్స్ భాగాలు రాసి పంపు, మిగతావి తరువాత చూద్దాం. ప్రతి తేదీ పక్కన అది ఎక్కడ దొరికిందో మార్జిన్‌లో గుర్తు పెట్టు, నేను కూడా సరిచూస్తాను. జెంకిన్స్ బేస్‌బాల్ రోజుల గురించి ఆనాటి నల్లజాతి పత్రికల్లో ఏమైనా దొరికితే నకలు తప్పకుండా జతచెయ్యి, నాకూ చదవాలని ఉంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి