పిలిస్తే రాని జాంగ్రీ

ప్రశ్న: గత శ్రావణంలో మా వీధి చివర కల్వర్టు కింద తడిసి వణుకుతున్న రెండు నెలల ఆడ కుక్కపిల్లను మా అబ్బాయి ఇంటికి తెచ్చాడు. జాంగ్రీ అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. ఇంట్లో ఉన్నంతసేపూ నా కొంగు పట్టుకునే తిరుగుతుంది. సాయంత్రం పక్కనున్న ఖాళీ స్థలంలో గొలుసు విప్పామంటే మాత్రం, ఎంత పిలిచినా నాలుగడుగుల దూరం వరకే వచ్చి, చెయ్యి చాచగానే తప్పించుకుని పారిపోతుంది. పది రోజుల క్రితం అలాగే పరుగెత్తి బైపాస్ రోడ్డు దాటింది. అరగంట తర్వాత అదే తిరిగి వస్తే, భయమూ కోపమూ కలిసి మా వారు చెప్పుతో రెండు దెబ్బలు వేశారు. అప్పటి నుంచి ఇంకా దూరదూరంగా ఉంటోంది. “వీధికుక్క బుద్ధి ఎక్కడికి పోతుంది, జాతి కుక్కను తెచ్చుకోవలసింది” అని పక్కింటివాళ్ళు అంటున్నారు. పిలిస్తే రావడం దీనికి నేర్పవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా నేర్పవచ్చు. అయితే ముందుగా పక్కింటివారి మాట సంగతి తేల్చుకుందాం. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యాసంస్థ పరిశోధకులు ఏ శిక్షణా లేని వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి ఒకదానివైపు వేలు చూపినప్పుడు, దగ్గరకు వచ్చిన కుక్కల్లో ఎక్కువ భాగం వేలు చూపిన గిన్నె దగ్గరకే వెళ్ళాయి. పరిచయం లేని మనిషి మీద నమ్మకం కుదరడానికి తిండి పెట్టడం కన్నా పదే పదే తల నిమరడమే ఎక్కువ పనిచేసిందని కూడా అక్కడివారే గమనించారు. మనిషి చేతినీ ముఖాన్నీ చదవడంలో వీధికుక్క ఎవరికీ తీసిపోదు. ఆ చదువు రాకపోతే మన వీధుల్లో అది బతకనే బతకదు.

పిలిస్తే రాకపోవడంలో పుట్టుక కన్నా వయసు పాత్రే ఎక్కువ. బ్రిటన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఐదు నెలల వయసులో చక్కగా మాట విన్న కుక్కలే ఎనిమిది నెలలకు వచ్చేసరికి, “కూర్చో” అని సొంత మనిషి చెబితే వినడం తగ్గించాయి. విచిత్రమేమిటంటే, అదే మాట కొత్తవారు చెబితే విన్నాయి. అవన్నీ అంధులకు దారి చూపడానికి పెంచుతున్న లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులూ, వాటి సంకరాలూ. జాతి కుక్కను తెచ్చుకున్నా ఈ ఎనిమిదో నెల తప్పేది కాదని పక్కింటివారికి చెప్పండి.

ఇక చెప్పుదెబ్బల విషయం. మీ వారి కంగారు నాకు అర్థమైంది, కానీ ఆ దెబ్బలు రోడ్డు దాటినందుకు పడ్డాయని జాంగ్రీకి తెలియదు. రోడ్డు దాటి అప్పటికి అరగంట అయింది. దెబ్బలు పడే క్షణంలో అది చేస్తున్న పని ఇంటికి తిరిగి రావడం. కాబట్టి తిరిగి వస్తే దెబ్బలు పడతాయన్నదే అది నేర్చుకున్న పాఠం. ఆ రోజు దెబ్బలు లేకపోయినా పరిస్థితి పెద్దగా వేరుగా ఉండేది కాదేమో. మీరు దాన్ని ఏయే సందర్భాల్లో పిలుస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. స్నానం చేయించడానికి పిలుస్తాం, గోళ్ళు కత్తిరించడానికి పిలుస్తాం, ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు గొలుసు వేసి ఇంటికి తీసుకుపోవడానికి పిలుస్తాం. ఇంత చేసి, పిలిస్తే రావడం లేదని విస్తుపోతాం. పదేళ్ళుగా ఈ సలహాలు రాస్తున్న నేను కూడా మా ఇంటి కుక్కను చెవిలో చుక్కల మందు వేయడానికి వరుసగా వారం రోజులు పేరు పెట్టి పిలిచాను; ఎనిమిదో రోజు నుంచి నా గొంతు వినబడితే మంచం కిందికి దూరేది. పేరు పాడుచేసింది నేనే కనుక, కొత్త పిలుపు నేర్పే పనీ నా నెత్తినే పడింది.

మీరు కూడా కొత్త పిలుపుతోనే మొదలుపెట్టండి. “జాంగ్రీ” అన్న పేరును పిలుపుగా వాడడం మానేయండి. “రా” అన్న మాటా పనికిరాదు, ఎందుకంటే తెలుగు ఇంట్లో “ఏరా”, “ఎక్కడికిరా”, “అన్నానికి రండి” అంటూ రోజుకు వంద సార్లు అది కుక్క చెవిన పడుతూనే ఉంటుంది, వాటిలో ఒక్కటీ దానికి సంబంధించినది కాదు. ఇంట్లో ఎవరూ మామూలుగా అనని మాట, దూరానికి కూడా స్పష్టంగా వినబడే మాట కావాలి. “బిరబిరా” అనుకోండి, బాగానే ఉంటుంది. అబ్బాయి ఒక మాట, మీరొక మాట కాకుండా ఇంటిల్లిపాదీ అదే మాట, అదే రాగంతో అనాలి.

మొదటి వారం ఆరుబయటకు పోనక్కరలేదు. ఉప్పూకారం లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలుగా చేసి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. శాకాహారులైతే పనీరు, ఉడికించిన చిలగడదుంప సరిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరముక్కలు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం కుక్కలకు విషంతో సమానం. జాంగ్రీ మీకు రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు ఒక్కసారి “బిరబిరా” అని, రెండు సెకన్లలోపు ముక్క నోటికి అందించండి. ఒకే విడతలో కాకుండా రోజు మొత్తంలో పది పదిహేను సార్లు, అన్నం పెట్టే ముందు కొన్ని, వంటింట్లో ఉన్నప్పుడు కొన్ని, ఇలా చేయండి. మాట ముందు, ముక్క తర్వాత అన్న వరసను తప్పనివ్వకండి. డబ్బా ఆడించి, ముక్క చూపించి పిలిస్తే అది ముక్కను చూసి వస్తుందే తప్ప మాటను విని రాదు, చేతిలో డబ్బా లేని రోజున మీ ముఖం కూడా చూడదు. మీరు మాట అనగానే అది చేస్తున్న పని వదిలి గిరుక్కున తల తిప్పడం మొదలైతే మొదటి మెట్టు ఎక్కినట్టే. అప్పుడు పక్క గదిలోంచి, ఆపైన డాబా మెట్ల మీద నుంచి పిలవండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను: “చెయ్యి చాచగానే తప్పించుకుంటుంది.” మన వీధుల్లో తిరిగే కుక్కను ఎప్పుడైనా గమనించండి. మనిషి నడుస్తుంటే పట్టించుకోదు, నిలబడితే పట్టించుకోదు, నడుం వంచి చెయ్యి నేల వైపు పోనిచ్చాడంటే, చేతిలో ఏమీ లేకపోయినా, పరుగు లంకించుకుంటుంది. అది రాయి తీసే భంగిమ. జాంగ్రీ వీధిలో గడిపింది రెండు నెలలే అయినా, కుక్కపిల్లకు లోకం మీద అభిప్రాయాలు ఏర్పడే వయసు సరిగ్గా అదే. అందుచేత, అది దగ్గరకు వచ్చాక మీద నుంచి వంగి పట్టుకోవడం మానండి. పిలవడానికి ముందే నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, చేతిని కింది నుంచి దాని గడ్డం కిందికి తీసుకురండి. ఒక చేత్తో మెడపట్టీని మెల్లగా తాకి, ఆ వెంటనే రెండో చేత్తో ముక్క పెట్టండి. ఇంట్లో రోజూ ఈ సాధన జరిగితే పట్టీ మీద చెయ్యి పడడం కూడా తీపి కబురే అవుతుంది.

తర్వాతిది ఖాళీ స్థలం. గొలుసు విప్పడం ప్రస్తుతానికి పూర్తిగా మానేసి, ఎనిమిది, పది మీటర్ల తేలికపాటి నైలాన్ తాడు కొనండి. దాన్ని మెడపట్టీకి కాకుండా ఛాతీకి వేసే పట్టీకి, వీపు మీది కొక్కేనికి కట్టాలి. పరుగులో ఒక్కసారిగా తాడు బిగిస్తే మెడకు దెబ్బ తగులుతుంది. తాడును చేతికి చుట్టుకోవద్దు, నేల మీద పారనిచ్చి, అవసరమైతే చెప్పులున్న కాలితో తొక్కి పట్టండి. ఆ తాడు దాన్ని లాక్కురావడానికి కాదు, పారిపోతే దొరికే ఆనందం దానికి దక్కకుండా చూడడానికి మాత్రమే. తాడు ఉన్న ధైర్యంతో ఐదారడుగుల నుంచి పిలవడం మొదలుపెట్టి, దూరాన్ని రోజుకు కొంచెం పెంచండి. వచ్చిన పది సార్లలో తొమ్మిది సార్లు ముక్క పెట్టి, “వెళ్ళు” అని మళ్ళీ ఆటకు వదిలేయాలి. పిలుపు ఆటకు ముగింపు కాదని దానికి తెలియడమే ఇందులో అసలు కిటుకు. ఇంటికి వెళ్ళే వేళైతే పిలవకుండా తాడు వెంట మీరే నడిచి వెళ్ళి తీసుకురండి.

అది చెత్తకుప్పలో తల దూర్చి ఉన్నప్పుడో, అవతలి వీధి కుక్కలతో పలకరింపులు జరుపుతున్నప్పుడో పిలవకండి. రాదని మీకు తెలిసి కూడా పదిసార్లు అరిస్తే, ఆ మాటను లెక్కచేయనక్కరలేదని మీరే పదిసార్లు నేర్పినట్టవుతుంది. అటువంటి చోట్ల పిలవడం నెల, రెండు నెలల తర్వాతి పని. పొరపాటున తాడు జారి పరుగెత్తిందా, వెంటపడకండి. వెంటపడితే దానికి అది ఆట, పైగా ఆ ఆటలో గెలుపు ఎప్పుడూ దానిదే. మీరే ఎదురు దిక్కుకు నవ్వుతూ, చప్పట్లు కొడుతూ పరుగెత్తండి. చాలా కుక్కలు మనుషుల వెంటపడకుండా ఉండలేవు. అరగంట తర్వాత తిరిగి వచ్చినా సరే, కోపాన్ని దిగమింగి ముక్క పెట్టండి. ఈ మాట మీ వారికి ప్రత్యేకంగా చదివి వినిపించండి. ఆయన రోజూ ఒక పూట అన్నం గిన్నె స్వయంగా పెట్టి పక్కన కూర్చుంటే చెప్పు జ్ఞాపకం త్వరగా మరుగునపడుతుంది.

పిలుపు బాగా కుదిరాక ప్రతిసారీ కోడిముక్క అక్కరలేదు. ఒకసారి ముక్క, ఒకసారి బంతి, ఒకసారి వీపు నిమరడం, ఎప్పుడైనా అనుకోకుండా గుప్పెడు ముక్కలు. ఏమీ ఇవ్వని రోజంటూ మాత్రం రానివ్వకండి. ఎంత నేర్చినా బైపాస్ రోడ్డు దాపులో తాడు విప్పవద్దు. దీపావళి రోజుల్లో టపాకాయల చప్పుడుకు బెదిరిన కుక్క చెవికి ఏ పిలుపూ ఎక్కదు కనుక అప్పుడు ఇంట్లోనే ఉంచండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళ వేయించి, మూడో నెలలో వేయవలసిన రేబిస్ టీకా వేయించారో లేదో కూడా ఒకసారి చూసుకోండి. ఆపైన అది ఏడాదికొకసారి వేయించాలి.

ప్రశ్న: మేం వీధి నుంచి తెచ్చి పెంచుతున్న మగ కుక్కకు ఏడాది నిండింది. గేటు తెరిస్తే చాలు, పిలుస్తున్నా వినకుండా పోయి రాత్రికి వస్తోంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మాట వింటుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆడకుక్కల వాసన పట్టుకుని తిరిగే తిరుగుడు చాలా కుక్కల్లో తగ్గుతుంది, అదీ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు. పిలిస్తే రావడం మాత్రం కత్తితో వచ్చేది కాదు, పైన చెప్పిన పద్ధతిలో నేర్పవలసిందే. ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో పశువైద్యుడు దాన్ని చూసి చెబుతారు. ఈలోగా గేటుకు లోపలి గడియ పెట్టించండి. ఆపరేషన్ తర్వాత గాయం మానేదాకా పరుగులు పనికిరావు కనుక, ఆ రోజుల్లో గదిలోనే రెండడుగుల దూరం నుంచి కొత్త పిలుపును అలవాటు చేయండి.