మీ ప్రశ్నలు – మా జవాబులు: ఓడిపోయే పాత్రల హీరో మధు

ప్ర: మమ్ముట్టి, మోహన్‌లాల్ కంటే ముందు మలయాళంలో పెద్ద హీరోలు ఎవరండీ? ప్రేమ్ నజీర్ పేరు విన్నాను. మధు అని ఇంకొకాయన ఉన్నారట, ఆయన సంగతేంటి? (ఖమ్మం పాఠకుడు)

జ: అరవైల్లో సత్యన్, నజీర్, మధు, ఈ ముగ్గురిదే రాజ్యం. మధు అసలు పేరు మాధవన్ నాయర్. 1933లో తిరువనంతపురంలో పుట్టారు, నాన్నగారు ఆ ఊరికి మేయర్‌గా చేశారు. బెనారస్ వెళ్లి హిందీలో ఎం.ఏ. చేసి, నాగర్‌కోయిల్ కాలేజీలో హిందీ లెక్చరర్‌గా కుదురుకున్నారు. ఆ రోజుల్లో అలాంటి ఉద్యోగం దొరికితే ఎవరైనా రిటైరయ్యేదాకా కదలరు, ఈయన మాత్రం 1959లో ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మొదలవగానే మానేసి వెళ్లి మొదటి బ్యాచ్‌లోనే చేరారు. 1963లో ‘నినమణింజ కాల్పాడుకళ్’తో తెరమీదికొచ్చారు. అందులో హీరో నజీర్.

ప్ర: ‘చెమ్మీన్’లో మధు పాత్ర మన దేవదాసు లాంటిదే అంటుంది మా అక్క. నిజమేనా సార్? (విజయనగరం పాఠకురాలు)

జ: మీ అక్కగారు ఒప్పుకోకపోవచ్చు గానీ నాకైతే అలా అనిపించదమ్మా. 1965లో వచ్చిన ఆ సినిమాకి తకళి శివశంకర పిళ్లై నవల ఆధారం. మధు వేసిన పరీకుట్టి చేపల వ్యాపారం చేసే ముస్లిం కుర్రాడు, కరుత్తమ్మ జాలరి పిల్ల. ఆ పిల్ల తండ్రి చెంబన్‌కుంజుకి పడవ, వలలు కొనుక్కోవాలని ఆశ. డబ్బు పరీకుట్టే ఇస్తాడు, పట్టిన చేపలు నీకే అమ్ముతానన్న పెద్దమనిషి పడవ చేతికొచ్చాక మాట తప్పుతాడు. ఇతను గొడవ పడడు, పంచాయితీ పెట్టడు, వ్యాపారం దివాళా తీస్తుంటే చూస్తూ కూర్చుంటాడు, అవతల కరుత్తమ్మకి పళనితో పెళ్లయిపోతుంది. దేవదాసుకి జమీందారీ ఉంది, సీసా ఉంది, చంద్రముఖి ఉంది. ఇతనికి ఇసుక, ఒక పాట తప్ప ఏమీ లేవు (‘మానస మైనే వరూ’, మన్నా డే పాడారు, సంగీతం సలిల్ చౌదరి). ఏడిపించే సీను ఇస్తే ఏ నటుడైనా లాగించేస్తాడు, ఏమీ చెయ్యని మనిషిని చూడబుద్ధేసేలా చెయ్యడం మహా కష్టం. సినిమా బరువు మోసిన హీరో పళని వేషం వేసిన సత్యన్ అని వాదించేవాళ్లు ఉన్నారు, అందులోనూ న్యాయం ఉంది. కానీ కేరళలో మిమిక్రీ వాళ్లు ఈనాటికీ పట్టుకుని వేలాడేది మధు గొంతునే. దక్షిణాది నుంచి రాష్ట్రపతి బంగారు పతకం అందుకున్న మొదటి సినిమా ఇదే.

ప్ర: ఆయన తెలుగులో ఎందుకు కనపడలేదు? మనకీ ఆయనకీ ఏమైనా సంబంధం ఉందా? (తెనాలి నుంచి)

జ: తెనాలి నుంచి ఈ ప్రశ్న రావడం భలేగా ఉంది! మీ ఊరి శారద గారే ఆ సంబంధం. 1968 ‘తులాభారం’లో నజీర్, మధు, షీలాలతో పాటు ఆవిడ నటించారు, జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, అదే కథ మర్నాడే తెలుగులో తీశారేమో అన్నంత త్వరగా 1969లో ‘మనుషులు మారాలి’ అయింది. ఆ తర్వాత 1972లో అడూర్ గోపాలకృష్ణన్ తొలి సినిమా ‘స్వయంవరం’. పెళ్లి చేసుకోకుండా ఇల్లొదిలి సిటీకొచ్చిన జంటగా మధు, శారద. రచయిత కావాలనుకున్న మనిషి ట్యుటోరియల్లో పాఠాలు చెప్పి, అది పోయి, రంపపు మిల్లులో గుమాస్తాగా తేలి, జబ్బు చేసి పోతాడు. అప్పటికే స్టార్ అయినవాడు ఇలాంటి వేషానికి, అదీ కొత్త డైరెక్టరుకి, సరే అనడమే నాకు ఆయన కెరీర్‌లో అన్నిటికంటే నచ్చిన విషయం. శారద గారికి రెండో జాతీయ అవార్డు ఇక్కడే వచ్చింది.

కెమెరావాళ్ల లెక్క తీస్తే చుట్టరికం ఇంకా దగ్గర. ‘చెమ్మీన్’కి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ మన ‘మాయాబజార్’కి కెమెరా పట్టినాయనే. మధు నవలా రచయితగా చేసిన ‘భార్గవీ నిలయం’ (1964) దర్శకుడు విన్సెంట్ గారే తర్వాత మన ‘ప్రేమ్‌నగర్’, ‘అడవి రాముడు’లకి కెమెరా పట్టారు.

ప్ర: అమితాబ్ మొదటి సినిమాలో ఈయన ఉన్నారా? (హైదరాబాద్)

జ: ఉన్నారు. 1969 ‘సాత్ హిందుస్తానీ’లో ఏడుగురిలో ఒకరు. దర్శకుడు కె.ఎ. అబ్బాస్ గారు కావాలనే ఒక ప్రాంతం నటుడికి ఇంకో ప్రాంతం పాత్ర ఇచ్చారు కాబట్టి మన మలయాళీ హిందీ లెక్చరర్ బెంగాలీ అయ్యాడు, అసలు బెంగాలీ ఉత్పల్ దత్ పంజాబీ అయ్యాడు.

ప్ర: డైరెక్షన్ కూడా చేశారటగా? అవార్డుల మాటేంటి? (మచిలీపట్నం)

జ: 1970లో ‘ప్రియ’తో మొదలుపెట్టారు. హీరోలు డైరెక్టర్ కుర్చీలో కూర్చుంటే ముందు తమకి నాలుగు ఎలివేషన్లు రాసుకుంటారు, ఈయన మాత్రం ఆడవాళ్ల వెంటపడే చెడ్డవాడి వేషం వేసుకున్నారు. మద్రాసులో ఉన్న మలయాళ పరిశ్రమ కేరళకి రావాలని తిరువనంతపురంలో ఉమా స్టూడియో కూడా పెట్టారు. జాతీయ ఉత్తమ నటుడు మాత్రం రాలేదు. కేరళ ప్రభుత్వం సినిమావాళ్లకి ఇచ్చే జె.సి. డానియల్ అవార్డు 2004కి వచ్చింది, 2013లో పద్మశ్రీ. ఎనభైకి దగ్గర పడ్డాక పద్మశ్రీ ఇవ్వడం ఆలస్యమే.

ప్ర: ఒక్కటే చూడాలంటే ఏది? (బెంగళూరు)

జ: ‘ఓళవుం తీరవుం’, 1970. స్టూడియో సెట్లు వదిలేసి ఎక్కువగా బయటే తీశారు, రాసింది మలయాళ రచయిత ఎం.టి. వాసుదేవన్ నాయర్. సబ్‌టైటిల్స్ ఉన్న ప్రింటు దొరికితే చూడండి. పాటల కోసమైతే ‘చెమ్మీన్’.