పాఠకుల ప్రశ్నలు: అతిథులకు గుంట ముందా, సముద్రం ముందా?

ప్రశ్న: మా కళాశాలలో ఫిబ్రవరి నెలలో మత్స్య విజ్ఞానంపై మూడు రోజుల సదస్సు జరుగుతుంది. విదేశీయులతో కలిపి 60 మంది దాకా ప్రతినిధులు వస్తారు. చివరి రోజున వారికి రొయ్య పిల్లలను పుట్టించి పెంచే హాచరీ, రొయ్యల గుంటలు, సముద్రంలో పడవ ప్రయాణం, పులికాట్ సరస్సు అన్నీ చూపించాలని నిర్వాహకుల ఉద్దేశం. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు లోపల ఇది సాధ్యమేనా?
– ఒక అధ్యాపకుడు, నెల్లూరు

జవాబు: సాధ్యం కాదు, బస్సులు ఎంత వేగంగా నడిపినా కాదు. ముందుగా పులికాట్‌ను పక్కన పెట్టండి. సూళ్లూరుపేట మీకు వంద కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. పైగా 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కనుక అనుమతుల కోసం ఆ జిల్లా అధికారులనే కలవాలి. శీతకాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీది నుంచే రాజహంసలు కనిపిస్తాయి. ఆసక్తి ఉన్నవారు సదస్సు ముగిశాక చెన్నై వెళ్లే దారిలో ఆగి చూసుకోవచ్చు.

మిగిలిన మూడింటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్న. దీన్ని ప్రయాణ సౌకర్యాన్ని బట్టి కాకుండా రోగభయాన్ని బట్టి తేల్చుకోవాలి. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ తెగులుకు మందు లేదు. దాని వైరస్ పీతల ద్వారా, పచ్చి రొయ్యల ద్వారా, తడి వలల ద్వారా, బురద అంటిన చెప్పుల ద్వారా ఒక చోటి నుంచి మరో చోటికి చేరుతుంది. కాబట్టి ఒకే రోజున వెళ్లేటప్పుడు అన్నిటికంటే శుభ్రంగా ఉంచే చోటుకు మొదట, అన్నిటికంటే కలగాపులగంగా ఉండే చోటుకు చివర వెళ్లాలి. అంటే మొదట హాచరీ, ఆ తర్వాత గుంటలు, చివరికి చేపల రేవు. తెల్లవారుజామున రేవులో పీతలు, రొయ్యలు చేత్తో పట్టి చూసిన 60 మందిని అదే చెప్పులతో హాచరీ గుమ్మంలోకి తీసుకువెళ్లడం ఆ యజమానికి చేయగల అపకారాల్లో పెద్దది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సముద్రం ఉదయం పూటే నెమ్మదిగా ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి సముద్రపు గాలి లేచి, ఒడ్డున అల విరిగే చోట చిన్న పడవలు ఎగిరెగిరి పడతాయి. గుంటల తర్వాత సాయంత్రం పడవ ఎక్కిద్దామనుకుంటే సగం మందికి వాంతులు తప్పవు. అందువల్ల సముద్రాన్ని రెండో రోజు తెల్లవారుజాముకు మార్చి, తొమ్మిదిన్నరకల్లా సభాస్థలికి చేర్చి, హాచరీని, గుంటలను మూడో రోజుకు ఉంచండి. మధ్యలో స్నానం చేసి బట్టలు, చెప్పులు మార్చుకుంటారు కనుక భయం చాలావరకు తగ్గుతుంది.

హాచరీలో గంటన్నర గడపదగినంత విషయం ఉంది. పొదిగిన పిల్ల మొదటి దశలో తన శరీరంలోని పచ్చసొన మీదనే బతుకుతుంది. తర్వాత నాచు తింటుంది. ఆ తర్వాత ఆర్టీమియా అనే అతిచిన్న జలచరాన్ని తింటుంది. మూడు వారాలకు అటూ ఇటుగా గుంటలో వదలడానికి పనికొచ్చే పోస్ట్ లార్వా అవుతుంది. ఈ దశలన్నీ వేర్వేరు తొట్లలో, సూక్ష్మదర్శిని సాయంతో, ఒక్క పూటలో చూడవచ్చు. చేతులకు దోమల మందు పూసుకున్నవారు నీటిలో వేలు ముంచకూడదన్న హెచ్చరికను బస్సులోనే చెప్పండి. కీటకాలను చంపే మందుల్లో చాలావరకు రొయ్య పిల్లలనూ చంపుతాయి.

గుంటలు చూడడానికి ఒకే రైతు వద్దకు వెళ్లండి. ఆ సాగుకు, తీరంలో రొయ్యల సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి. వనామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వదలకూడదన్నది ఆ సంస్థ పెట్టిన పరిమితి. మన రైతులు దాన్ని ఎంతవరకు పాటిస్తున్నారని అతిథులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. రాత్రంతా నీటిలో తేలే సూక్ష్మజీవులు (ప్లాంక్టన్), రొయ్యలు ప్రాణవాయువును వాడుకోవడమే తప్ప వెలుతురు లేనందున కొత్తగా తయారయ్యేది ఉండదు. అందుకే తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. రైతు నిద్ర మానుకొని నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది ఆ వేళ కోసమే. మీరు పది గంటలకు వెళ్తారు కనుక ఆ దృశ్యం కనిపించదు. తెల్లవారుజామున తీసిన ప్రాణవాయువు కొలతను, మీరు వెళ్లినప్పటి కొలతను పక్కపక్కన చూపించమని రైతును కోరండి. అమావాస్య, పౌర్ణమి రోజులైతే తేదీ మార్చుకోవడం మర్యాద. ఆ తిథుల్లో రొయ్యలు ఎక్కువగా పెంకు విడిచి మెత్తబడి ఉంటాయి. అప్పుడు మేత, రొయ్యల తీరు చూసే చెక్ ట్రే లేపి పది మంది చేతుల్లో పెట్టడం వాటికి మంచిది కాదు.

నాదొక సూచన. లాభసాటిగా నడుస్తున్న గుంటలనే కాక, వదిలేసిన గుంటలు కనిపిస్తే అక్కడా బస్సు ఆపండి. 1990ల మొదట్లో ఈ తీరంలో టైగర్ రకం రొయ్య సాగు ఎగసిన తీరు, 1994-95లో తెల్లమచ్చ తెగులుతో అది కూలిన తీరు, 1996 డిసెంబరులో తీర ప్రాంత రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఈ సాగును నియంత్రించడానికి 2005లో వచ్చిన చట్టం, 2009లో వనామీకి లభించిన అనుమతి అనే వరుస తెలియకుండా నేటి గుంటను చూసినా సగమే చూసినట్లు. దీన్ని సభలో పవర్‌పాయింట్‌తో చెప్పేకన్నా అడవితుమ్మ మొలిచిన గట్టు మీద నిలబడి చెబితే బాగా అర్థమవుతుంది.

సముద్రం విషయానికి వస్తే, ఫిబ్రవరి మంచి నెల. తుఫాన్ల కాలం గడిచిపోయి ఉంటుంది. అయినా ముందురోజు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడకుండా ఎవరినీ పడవ ఎక్కించవద్దు. విదేశీయుల వివరాలు మెరైన్ పోలీసులకు, మత్స్యశాఖకు ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. కృష్ణపట్నం ఓడరేవు వైపు డ్రోన్లు ఎగరవేయవద్దని గట్టిగా చెప్పండి. అరవై మందినీ నీటి మీదికి తీసుకువెళ్లాలన్న పట్టుదల అక్కర్లేదు. బోగోలు మండలం జువ్వలదిన్నె హార్బర్‌నో, మైపాడు ఒడ్డున పడవలు చేరే వేళనో చూపిస్తే చాలామందికి అదే ఎక్కువ ఉపయోగం.

భోజనానికి చేపల పులుసు పెడతారని చెప్పనక్కర్లేదు. రొయ్య, పీత పడనివారు కొందరుంటారు, అది ప్రాణం మీదికి రావచ్చు. కనుక నమోదు పత్రంలోనే ఆ ప్రశ్న అడగండి.

ప్రశ్న: మా గుంటల్లో 60 రోజుల వనామీ పంట ఉంది. ఏదో సదస్సుకు వచ్చినవారిని బస్సులో తీసుకువస్తామని, చూపించమని తెలిసినవారు అడుగుతున్నారు. పక్క ఊరిలో తెల్లమచ్చ వచ్చిందని వింటున్నాను. కాదంటే బాగుండదేమో?
– ఒక రైతు, విడవలూరు మండలం

జవాబు: కాదనండి. పక్క ఊరిలో తెగులు ఉన్నప్పుడు కూలీలను, మేత వ్యానును కూడా అదుపులో పెట్టాల్సిన మీరు మొహమాటానికి పోతే నష్టం భరించేది మీరొక్కరే. వచ్చినవారు మరునాడు రైలెక్కుతారు. చదువుకున్నవారు కారణం చెబితే నొచ్చుకోరు, ఆ మాటకొస్తే మెచ్చుకుంటారు. పట్టుబడి అయిపోయి నీరు తీసేసిన గుంట ఉంటే దాన్ని చూపించండి. అడుగున చేరిన నల్ల బురద, పీతలు రాకుండా కట్టిన కంచె, తూముకు బిగించిన జల్లెడ వల నీరున్నప్పటికంటే అప్పుడే బాగా కనిపిస్తాయి. తెగులు తగ్గాక రమ్మన్నా, కాళ్లు ముంచడానికి పర్మాంగనేట్ నీళ్ల తొట్టి పెట్టి, గట్టు దాటనివ్వకండి.

ప్రశ్న: మాకు ఒక ఫైబర్ బోటు ఉంది. ఒంగోలులో సమావేశాలకు వచ్చేవారిని సముద్రంలో తిప్పితే వేట లేని రోజుల్లో నాలుగు డబ్బులు వస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. తిప్పవచ్చా?
– ఒక మత్స్యకారుడు, కొత్తపట్నం

జవాబు: మీ బోటు రిజిస్ట్రేషన్ చేపల వేటకు ఇచ్చినది, ప్రయాణికులకు కాదు. ప్రమాదం జరిగితే బీమా రాకపోగా కేసు మీ మీద పడుతుంది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన తర్వాత ఈ విషయంలో అధికారులు చూసీచూడనట్లు ఉండే రోజులు పోయాయి. పర్యాటక అనుమతి కోసం విడిగా దరఖాస్తు చేసుకోండి. లైఫ్ జాకెట్లు మనిషికొకటి కొనండి. వేట లేని రోజులంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే నిషేధ కాలం మీ అబ్బాయి మనసులో ఉంటే, ఆ 61 రోజులూ మోటారు బోటు నీటిలో దింపే ఆలోచనే పెట్టుకోవద్దు. అనుమతి వచ్చేలోపు ఒడ్డునే చేయగలిగినది చాలా ఉంది: వల అల్లిక, వల బాగుచేయడం, ఏ చేపకు ఏ కన్ను వల వాడతారో చూపించడం, వేలంపాట దగ్గర నిలబెట్టి ధర ఎలా కడతారో చెప్పడం. గంటకు ఇంతని ముందే మాట్లాడుకోండి. ఫొటోలు తీసుకొని వెళ్లిపోయేవారి దగ్గర తర్వాత అడగడం కష్టం.