ఓటీ పోస్టింగ్‌కు పోతున్న మా మేనకోడలికి

బిడ్డా,

వచ్చే వారం నుంచి నీకు ఓటీల, అంటే ఆపరేషన్ థియేటర్ల, పోస్టింగ్ అని మీ నాయిన చెప్పిండు. 2019ల మన నల్గొండకు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చిందంటేనే సంబురపడ్డ. ఇప్పుడు మన ఇంటి పిల్లనే అండ్ల చదువుతున్నది. ఇన్నేండ్లు థియేటర్ల నర్సుగ చేసినదాన్ని, అందుకే రాస్తున్న.

పొద్దున తిని పో. ఖాళీ కడుపుతోని గంటలకొద్ది నిలబడితే కండ్లు తిరుగుతయి. చెమటలు పట్టి చూపు మసకబారితే సిగ్గుపడకు, టేబుల్ కాడినుంచి వెనక్కి జరిగి గోడకానుకొని కింద కూసో. పచ్చగుడ్డలు కప్పిన జాగకు అడుగు దూరంల ఉండు, చేతులు ఛాతీ కాడ పెట్టుకో. ఏదన్న తాకిన్ననేమో అని అనుమానమొచ్చినా అప్పుడే సిస్టర్‌కు చెప్పు. కసురుకుంటే కసురుకోనీ, గుడ్డ మారుస్తరు. చెప్పకుంటే చీము పట్టేది పేషెంటుకు.

కొత్త పిల్లలందరు సూది పట్టిన చేయినే చూస్తరు. నువ్వు అంతకంటె ముందే పోయి నిలబడు. పేరడుగుడు, ఏ కాలుకు ఆపరేషనో అడుగుడు, సంతకం చూసుడు, ఇవన్నీ చూడాలె. "నేను చదువుకునే పిల్లను, పక్కన ఉండొచ్చా అవ్వా?" అని నువ్వే అడుగు. వద్దంటే బయటికి వచ్చెయ్.

నడుముకు మత్తిచ్చుడు మాత్రం ఒక్కటి కూడ వదలకు. తుంటి ఎముకల పైఅంచులు రెండు చేతులతోని పట్టి, బొటనవేలుతోని వెన్నుపూసల నడుమ సందు వెతుకుతరు. పుస్తకంల ఇది అల్కగనే ఉంటది. మర్రిగూడ, నాంపల్లి దిక్కు నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ముసలైన మనిషి వస్తే చూడు! మోకాళ్లు కడుపుకానించమంటే నడుము వంగదు. ఎముకల నడుమ పట్టీలు గట్టిపడి, సందే దొరకదు. సూది ఎముకకు తగిలి ఆగుతది. మత్తు డాక్టర్ వెనక్కి తీసి, కోణం మార్చి, ఒక్కోసారి పక్క నుంచి పోతరు. తేటని నీటి చుక్క సూది చివర కనపడే దాక ఎవరు మాట్లాడరు. దొరకకుంటే ఎంతసేపు ప్రయత్నించి ఆపిన్రు, తర్వాత ఏం చేసిన్రు, అది చూసి నేర్చుకో. మెడ కూడ వంగని పేషెంటుకు పూర్తి మత్తిచ్చుడు ఇంకో కష్టం. మన జిల్లల డాక్టర్ కావాలంటే ఇవన్నీ తెలిసుండాలె.

మందు పోయినంక అందరి కండ్లు కత్తి దిక్కు తిరుగుతయి. నువ్వు మానిటర్ చూడు, బీపీ పడిపోయేది ఆ మొదటి నిమిషాలల్లనే. ఇంకొకటి, నడుముకు మత్తిచ్చిన మనిషి మేల్కొనే ఉంటరు, నువ్వు "అయ్యో" అన్నా వినపడతది. డౌట్లు బయటికొచ్చినంక అడుగు.

వాడిన సూదికి మూత పెట్టకు, తెల్ల డబ్బాలనే వెయ్యాలె. గుచ్చుకుంటే పిండకు, సబ్బుతోని పారే నీళ్లల్ల కడిగి వెంటనే చెప్పు. హెచ్‌ఐవీ రాకుండ మందులు గంటల్లనే మొదలుపెట్టాలె, 72 గంటలు దాటితే లాభం లేదు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు అయినయా? కాకుంటే ఈ వారమే మొదటిది వేయించుకో.

సాయంత్రం వార్డుకు పోయి ఆ పేషెంటునే చూడు. కాళ్లు కదిలినయా, మూత్రం వచ్చిందా అడుగు. తెల్లారి లేచి కూసుంటే తలనొప్పి వచ్చి, పండుకుంటే తగ్గుతున్నదంటే డ్యూటీ డాక్టర్‌కు చెప్పు.

నీ మేనత్త